ఇరుసు కందెన నుంచి సింథటిక్ ఆయిలు దాకా

భద్రాచలం వైపు నుంచి అడవి దారిన మరైగూడ వెళ్ళే జీపులో మీరు కూర్చున్నారనుకోండి. మరైగూడను అట్లాసులో వెదకాలంటే కొంచెం ఓపిక కావాలి. అది బస్తరు దక్షిణపు అంచున, తెలంగాణ సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఊరు. ఒకప్పుడు మధ్యప్రదేశ్‌లోని బస్తరు జిల్లాలో ఉండేది. 1998లో దంతెవాడ జిల్లా, 2000లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం, 2012లో సుక్మా జిల్లా ఏర్పడ్డాయి. ఊరు ఉన్నచోటనే ఉండగా చిరునామా మాత్రం మూడుసార్లు మారింది. దోర్లీ, కోయ, తెలుగు మాటలు ఒకే నోట కలగలిసి వినబడే ప్రాంతమది.

బయలుదేరే ముందు డ్రైవరు ఇంజను ఆయిలు మార్పించాలని ఒక షాపు దగ్గర ఆపాడు. షాపతను రెండు డబ్బాలు తీసి బల్లమీద పెట్టాడు. ఒకటి మామూలు మినరల్ ఆయిలు. రెండవదాని మీద 'ఫుల్లీ సింథటిక్' అని మెరిసే అక్షరాలున్నాయి. దాని ధర మొదటిదానికి రెండింతల పైమాటే. పక్కనున్న మెకానిక్కు "సింథటిక్ అంటే రసాయనాలండీ, పాత ఇంజన్లకు పడవు, కారిపోతుంది" అన్నాడు. షాపతను "ఖరీదైనదంటేనే తెలియడం లేదా, మంచిదని!" అన్నాడు. డ్రైవరు మీ వంక చూశాడు. మీరేం చెబుతారు?

ఇద్దరి మాటల్లోనూ కొంత నిజముంది, కొంత పొరపాటూ ఉంది. ఏది ఎంతో తేల్చాలంటే ఈ రెండు డబ్బాలూ ఎక్కడినుంచి వచ్చాయో తెలుసుకోవాలి. ఆ కథ మన పెరటి నుంచే మొదలవుతుంది.

బండి కింద వేలాడిన గొట్టం

మీ తాతగారినో, అమ్మమ్మగారినో అడగండి. ఎద్దుబండి కింద ఒక వెదురు గొట్టమో, బుర్రో వేలాడుతూ ఉండేది. అందులో ఉండే నల్లని ముద్ద పేరు కందెన. వరిగడ్డి కాల్చిన మసిని ఆముదంతో కలిపి తయారుచేసేవారు. బండిచక్రం ఊడదీసి ఇరుసుకు ఈ కందెన పట్టించి మళ్ళీ చక్రం ఎక్కించి శీల బిగించేవారు. కందెన పెట్టని బండి కదలదన్న మాట తెలుగులో సామెత అయింది. ఇవాళ మనం ఇంగ్లీషులో 'లూబ్రికెంట్' అంటున్నదానికి తెలుగులో వేరే మాట పుట్టించనక్కరలేదు. బండివాళ్ళు ఎప్పుడో ఇచ్చి ఉంచారు.

ఇతర నూనెలుండగా ఆముదమే ఎందుకు? వంటింట్లో నువ్వుల నూనె, ఆముదం పక్కపక్కన పెట్టి రెండు గరిటెలు వంచి చూడండి. నువ్వుల నూనె ధారగా జారుతుంది. ఆముదం బద్ధకంగా సాగుతుంది. ద్రవం ప్రవహించడానికి చూపే ఈ అయిష్టాన్నే భౌతికశాస్త్రంలో స్నిగ్ధత అంటాం. ఆముదంలోని కొవ్వు ఆమ్లాల్లో 85 నుంచి 90 శాతం దాకా రిసినోలియిక్ ఆమ్లమే. మిగతా వంటనూనెల్లోని ఆమ్లాలకు లేని ఒక హైడ్రాక్సిల్ సమూహం దాని పన్నెండవ కార్బను మీద ఉంది. ఈ సమూహాల వల్ల ఆముదపు అణువులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, లోహాన్ని కూడా గట్టిగా పట్టుకుంటాయి. బండివానికి ఇదంతా తెలియదు. ఇరుసు అరగడం లేదన్నది మాత్రం తెలుసు.

ఎగిరిపోయిన బిరడా

కందెన అసలేం చేస్తుంది? చేతికి నునుపుగా తగిలే ఇనుము కూడా సూక్ష్మదర్శినిలో కొండలు, లోయలుగా కనిపిస్తుంది. రెండు లోహాలు రాసుకున్నప్పుడు ఈ కొండల కొనలు తగులుకుని, వేడెక్కి, అతుక్కుని, విరిగిపోతాయి. అరుగుదల అంటే ఇదే. మధ్యలో నూనె ఉంటే కొనలు తగలవు. ఇంతవరకూ ఎవరైనా ఊహించగలరు. కాని టన్నుల బరువున్న రైలు పెట్టె ఇరుసుమీద కూర్చుంటే మధ్యనున్న పలుచని నూనె పొర బయటకు పిండుకుపోకుండా ఎలా నిలుస్తుంది?

దీనికి జవాబు దాదాపు అనుకోకుండా దొరికింది. ఇంగ్లండులో యాంత్రిక ఇంజనీర్ల సంస్థ తరఫున బ్యూషాంప్ టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసుల బేరింగులను పరీక్షించి 1883లో ఫలితాలు వెల్లడించాడు. నూనె పోయడానికని బేరింగు నడినెత్తిన ఒక రంధ్రం తొలిచాడు. ఇరుసు తిరగడం మొదలుపెట్టగానే ఆ రంధ్రం గుండా నూనె లోపలికి పోవడానికి బదులు పైకి పొంగుకొచ్చింది. బిరడా బిగించాడు. బిరడా బయటకు వచ్చేసింది. చెక్క మేకు కొట్టాడు. అదీ నిలవలేదు. చివరకు పీడనమాపకం తగిలించి చూస్తే, బేరింగు మీద పడుతున్న సగటు ఒత్తిడికి రెట్టింపును మించిన పీడనం ఆ నూనె పొరలో ఉంది!

తిరిగే ఇరుసు నూనెను తనతోపాటు ఈడ్చుకుపోయి సన్నని సందులోకి చీలలా దిగగొడుతుంది. అలా దూరిన నూనె బరువును పైకెత్తుతుంది. ఇరుసు లోహం మీద కాదు, నూనె మీద తేలుతోందన్నమాట. 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ దీనికి గణిత సమీకరణం ఇచ్చాడు. ఈనాటికీ కారు ఇంజనులో క్రాంకుషాఫ్టు బేరింగులను లెక్కగట్టేది ఆ సమీకరణం ఆధారంగానే. మన కథకు ఇందులోంచి కావలసింది ఒక్కటే: పొర నిలబడేదీ లేనిదీ ముఖ్యంగా స్నిగ్ధత మీద, వేగం మీద, బరువు మీద ఆధారపడి ఉంటుంది. నూనె మరీ పలుచనైతే పొర తెగుతుంది. మరీ చిక్కనైతే నూనెను చిలకడానికే ఇంజను శక్తి ఖర్చయిపోతుంది.

భూమిలోంచి వచ్చిన పోటీదారు

ఆవిరియంత్రాల కాలంలో సిలిండర్లకు జంతువుల కొవ్వు వాడేవారు. ఆవిరి వేడికి అది విడిపోయి ఆమ్లాలుగా మారి లోహాన్నే తినేది. 1859లో పెన్సిల్వేనియాలో ఎడ్విన్ డ్రేక్ చమురుబావి తవ్వాక ఇంకొక దారి దొరికింది. 1866లో జాన్ ఎల్లిస్ అనే అమెరికన్ వైద్యుడు ముడిచమురులో ఔషధగుణాలు వెదకబోయి, అవి దొరక్క, ఆవిరి సిలిండర్లకు పనికివచ్చే కందెన తయారుచేశాడు. 'వాల్వొలీన్' అన్న పేరు దాని నుంచి వచ్చిందే. మన దేశంలో అస్సాంలోని డిగ్బోయ్ శుద్ధి కర్మాగారం 1901లో మొదలైంది.

ముడిచమురు నుంచి కందెన తీయడం బియ్యంలో రాళ్ళు ఏరడం లాంటిది. బరువైన భాగాన్ని తక్కువ పీడనం కింద స్వేదనం చేస్తారు. పనికిరాని సువాసనిక పదార్థాలను ద్రావణుల్లో కరిగించి తొలగిస్తారు. చల్లబరచి మైనం తీసేస్తారు. ఎంత ఏరినా మిగిలేది రకరకాల పొడవులూ ఆకారాలూ గల వేలాది అణువుల గుంపే. ప్రకృతి ఇచ్చినదాన్ని జల్లెడ పట్టడమే తప్ప కొత్తగా నిర్మించడం ఇందులో లేదు. మినరల్ ఆయిలు అంటే ఇదే.

ఇది చవక, పుష్కలంగా దొరికేది. ఆముదంలా గాలి తగిలి జిగురు కట్టేది కాదు. అయినా ఆముదం వెంటనే ఓడిపోలేదు. ఓడకపోగా ఆకాశానికి ఎగిరింది.

విమానం తాగిన ఆముదం

1909లో ఫ్రాన్సులో సెగాఁ సోదరులు 'నోమ్' అనే విమాన ఇంజనును ప్రజల ముందుకు తెచ్చారు. దీనిలో క్రాంకుషాఫ్టు కదలదు. సిలిండర్లన్నీ కలిసి దాని చుట్టూ గిరగిర తిరుగుతాయి. పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం క్రాంకుగది గుండానే సిలిండర్లకు పోవాలి. ఇక్కడే చిక్కు. అక్కడ మినరల్ ఆయిలు పోస్తే పెట్రోలులో కరిగి కొట్టుకుపోతుంది. రెండూ ఒకే జాతి హైడ్రోకార్బన్లు కదా! ఆముదం మాత్రం, ఇందాక చెప్పుకున్న హైడ్రాక్సిల్ సమూహం పుణ్యమా అని, పెట్రోలులో సులభంగా కరగదు. లోహాన్ని వదలదు.

కనుక మొదటి ప్రపంచయుద్ధంలో ఈ తరహా ఇంజన్లున్న విమానాలు చాలావరకు ఆముదంతోనే నడిచాయి. ఇంజను తాగిన ఆముదం మళ్ళీ ట్యాంకుకు చేరేది కాదు. పొగతో కలిసి బయటకు చిమ్మేది, పైలటు ముఖాన పడేది. అది పీల్చీ మింగీ పైలట్లు కడుపు పట్టుకునేవారని చెప్పుకుంటారు. ఆముదం తాగించిన అమ్మమ్మలు గుర్తున్నవారికి ఇది నమ్మడం కష్టం కాదు.

అదే 1909లో ఇంగ్లండులో చార్లెస్ వేక్‌ఫీల్డ్ కంపెనీ ఆముదం కలిపిన ఇంజను ఆయిలుకు 'క్యాస్ట్రాల్' అని పేరు పెట్టింది. ఇంగ్లీషులో ఆముదాన్ని 'క్యాస్టర్' అంటారు కదా, ఆ పేరులో ఉన్నది మన ఆముదమే.

యుద్ధంలో ఆముదానికి ఎంత గిరాకీ వచ్చిందంటే, అమెరికా ప్రభుత్వం భారతదేశం నుంచి ఓడలో విత్తనాలు తెప్పించి దాదాపు లక్ష ఎకరాలకు సరిపడా పంచింది. ఆ రోజుల్లో మన దేశంలో ఆముదం పండించే ముఖ్య ప్రాంతాల్లో హైదరాబాద్ సంస్థానం ఒకటి. నల్లగొండ, మహబూబ్‌నగర్ చల్కనేలల్లో, వేరే పంట నిలవని చోట, ఆముదం నిలిచేది. అయితే ఆ రైతుకు పంట చేతికి రావడానికి తొమ్మిది నెలలు పట్టేది. తెలుగునాట శాస్త్రజ్ఞులు 'హెచ్‌సి-6' అనే రకం విత్తనాల మీద ఉష్ణీయ న్యూట్రాన్లను ప్రసరింపజేసి, వచ్చిన ఉత్పరివర్తనాల్లోంచి 'అరుణ'ను ఎంపికచేశారు. 1969లో విడుదలైన ఈ రకం సుమారు 270 రోజుల పంటను దాదాపు 120 రోజులకు కుదించింది. వికిరణాన్ని పంటల మెరుగుదలకు వాడిన ఉదాహరణల్లో దీనిని ఈనాటికీ చెప్పుకుంటారు. తరువాత పాలెం పరిశోధనా కేంద్రం 'క్రాంతి', 'హరిత' వంటి రకాలను అందించింది. ఇప్పుడు దేశంలో ఆముదం ఎక్కువగా పండేది గుజరాత్‌లో. తెలంగాణ చల్కల్లో చాలాచోట్ల ఆ స్థానం పత్తికి దక్కింది.

యుద్ధం ముగిసింది. తిరిగే సిలిండర్ల ఇంజన్లు పాతబడ్డాయి. ఆముదానికి ఉన్న జిగురు కట్టే గుణం, చలికి గడ్డకట్టే గుణం భరించనక్కరలేకపోయింది. కార్లలో మినరల్ ఆయిలు స్థిరపడింది.

అణువును కట్టడం

మినరల్ ఆయిలుకూ ఒక బలహీనత ఉంది. చలికి బంకలా, వేడికి నీళ్ళలా మారుతుంది. అన్ని నూనెలూ వేడికి పలుచబడతాయి గాని, అన్నీ ఒకే మోతాదులో కాదు. ఈ తేడాను కొలవడానికి 1929లో డీన్, డేవిస్ అనే ఇద్దరు స్నిగ్ధతా సూచికను ప్రతిపాదించారు. అప్పటికి దొరికినవాటిలో తక్కువగా మారే పెన్సిల్వేనియా నూనెకు 100, విపరీతంగా మారే గల్ఫ్ తీరపు నూనెకు 0 మార్కులు వేశారు. ఇప్పటి మంచి నూనెలకు నూటికి నూరు దాటి మార్కులు వస్తున్నాయి. పరీక్షల్లో మనకు దక్కని భాగ్యం!

అదే కాలంలో అమెరికాలో ఒక చమురు కంపెనీ ఏరడం మాని, చిన్న అణువులను గొలుసులుగా కలిపి కందెన తయారుచేసింది. కొనేవారు లేరు. చవకగా మినరల్ ఆయిలు దొరుకుతుంటే ఎవరు కొంటారు? అవసరం యుద్ధం వల్ల వచ్చింది. చమురు కరువైన జర్మనీలో హెర్మన్ జోర్న్ బృందం 1938 నుంచి 1944 దాకా మూడు వేలకు పైగా ఎస్టర్లను పరీక్షించింది. ఆల్కహాలు, ఆమ్లం కలిస్తే ఎస్టరు వస్తుందని మీరు రసాయనశాస్త్రంలో చదివే ఉంటారు. ఏ ఆల్కహాలు, ఏ ఆమ్లం కలపాలో మనమే ఎంచుకోవచ్చు గనుక వచ్చే అణువు పొడవూ, కొమ్మలూ మన చేతిలో ఉంటాయి. అడవిరాళ్ళు పేర్చిన గోడకూ, ఒకే అచ్చులో పోసిన ఇటుకల గోడకూ ఉన్న తేడా ఇది.

యుద్ధం తరువాత జెట్ విమానాలు వచ్చాయి. బయట గడ్డకట్టించే చలి, ఇంజను లోపల భగభగలాడే వేడి. రెండింటికీ తట్టుకోలేక మినరల్ ఆయిలు చేతులెత్తేసింది. 1950ల మొదట్లో ఆ స్థానంలోకి వచ్చినవి డైఎస్టర్లు. వాటిలో ప్రధానమైనవాటికి మూలం సెబాసిక్ ఆమ్లం. ఆ ఆమ్లం దేని నుంచి వస్తుందో ఊహించండి. ఆముదాన్ని క్షారంతో వేడిచేస్తే రిసినోలియిక్ ఆమ్లం రెండుగా తెగి సెబాసిక్ ఆమ్లం వస్తుంది! బండి ఇరుసు నుంచి నోమ్ ఇంజనుకు, అక్కడి నుంచి జెట్‌కు, ఒకే గింజ వేషం మార్చుకుంటూ ప్రయాణించింది. 'సింథటిక్ అంటే రసాయనాలు' అన్న మెకానిక్కుకు ఈ సంగతి చెప్పి చూడండి. తొలి తరం సింథటిక్ కందెనల్లో పేరుపొందినది చేలో పండింది. 'సహజమైన' మినరల్ ఆయిలేమో కర్మాగారంలో నాలుగు స్నానాలు చేస్తే గాని బయటకు రాదు.

జెట్ నుంచి కారుకు దిగడానికి మరో ఇరవై ఏళ్ళు పట్టింది. అమెరికాలో యుద్ధవిమానాల దళాధిపతిగా పనిచేసిన ఆల్బర్ట్ అమట్యూజియో అనే ఆయన 1972లో 'ఆమ్సాయిల్' అనే డైఎస్టర్ల కారు ఆయిలును ప్రవేశపెట్టాడు. అక్కడి పెట్రోలియం సంస్థ కొలమానాలకు సరితూగిన తొలి సింథటిక్ కారు ఆయిలు ఇది. 1970ల మధ్యలో 'మొబిల్ 1' వచ్చింది. ఇది ప్రధానంగా ఎస్టర్లు కాక, చిన్న హైడ్రోకార్బన్లను కలిపి కట్టిన పాలీఆల్ఫాఓలిఫిన్లతో తయారైంది. ఎస్టర్లు కొన్ని రకాల రబ్బరు సీళ్ళను ఉబ్బిస్తాయి. ఆ తొలినాళ్ళ ఆయిళ్ళు కొన్ని ఇంజన్లలో సీళ్ళకు సరిపడక కారాయి. మన మెకానిక్కు భయం అక్కడి నుంచి వారసత్వంగా వచ్చిందే. ఇప్పటి మిశ్రమాలను సీళ్ళకు నప్పేలా సరిదిద్దే తయారుచేస్తున్నారు. అయితే పాత ఇంజనులో అప్పటికే ఎండి బీటలిచ్చిన సీలును ఏ ఆయిలూ బాగుచేయలేదు.

ఒక మాట కోసం తగవు

1990లలో ఇంకొక మలుపు. ముడిచమురు భాగాన్ని అధిక పీడనం కింద హైడ్రోజనుతో చర్య జరిపి, అణువులను విరిచి, తిరిగి అమర్చే పద్ధతి బాగా అభివృద్ధి చెందింది. వచ్చిన నూనె స్నిగ్ధతా సూచిక 120 దాటుతుంది. గంధకం నూటికి 0.03 పాళ్ళు మించదు. దీనిని మూడవ గ్రూపు నూనె అంటారు. ఇది ఏరినదా, కట్టినదా? మూలం మినరలే. కాని అణువులు పాతవి కావు.

క్యాస్ట్రాల్ సంస్థ అమెరికాలో తన సింథటిక్ ఆయిలులో ఈ రకాన్ని వాడడం మొదలుపెట్టింది. మొబిల్ అభ్యంతరం చెప్పింది. అక్కడి ప్రకటనల పరిశీలక సంస్థ 1999లో క్యాస్ట్రాల్ వాదన వైపే మొగ్గింది. ఆనాటి నుంచి చాలా దేశాల మార్కెట్లలో డబ్బామీద 'సింథటిక్' అన్న మాట ఫలానా రసాయన పదార్థమని చెప్పడం మానేసింది. ఆముదం నుంచి పేరు తెచ్చుకున్న కంపెనీయే ఆ మాట అర్థాన్ని మార్చడం చిత్రం కదా! నా మటుకు నాకు ఆ నిర్ణయం వినియోగదారుకు మేలు చేసిందని అనిపించదు. కాని మూడవ గ్రూపు నూనె మంచి నూనె అన్నది వేరే విషయం, అది నిజం.

మళ్ళీ షాపు ముందుకు

ఇక డ్రైవరుకు జవాబు చెప్పాలి. ముందు పెద్ద అక్షరాలు వదిలి చిన్న అక్షరాలు చూడమనండి. 20డబ్ల్యు-50, 15డబ్ల్యు-40, 0డబ్ల్యు-20 వంటి అంకెలుంటాయి. డబ్ల్యు అంటే శీతకాలం. దాని ముందున్న అంకె చలిలో ఇంజనును తిప్పగలిగే గుణాన్ని చెబుతుంది. 0డబ్ల్యు రకాన్ని సున్నాకు 35 డిగ్రీల కింద పరీక్షిస్తారు. 15డబ్ల్యును 20 డిగ్రీల కింద, 20డబ్ల్యును 15 డిగ్రీల కింద. మరైగూడలో పుష్యమాసపు తెల్లవారుజామున కూడా ఇవేవీ రావు. మంచుదేశపు డ్రైవరుకు సింథటిక్ ఇచ్చే గొప్ప లాభం ఈ అడవిదారిలో చాలామటుకు డబ్బాలోనే ఉండిపోతుంది. రెండవ అంకె 100 డిగ్రీల వేడిలో స్నిగ్ధతను చెబుతుంది. ఇది ఇంజను తయారీదారు చెప్పినదే కావాలి. మినరలైనా సింథటికైనా 40 అంటే 40 పరిధిలోనే ఉండాలి. సింథటిక్ అయినంత మాత్రాన చిక్కన కాదు, పలుచన కాదు.

అయితే మే నెల ఎండలో, బరువుతో, రెండవ గేరులో గంటల తరబడి పాకే బండికి వేడి మాటేమిటి? ఇక్కడ సింథటిక్‌కు నిజంగా పైచేయి ఉంది. అది ఆవిరవడం తక్కువ, ఆక్సీకరణం చెంది బురదకట్టడం తక్కువ. టర్బో ఉన్న ఇంజనుకు ఇది మరీ ముఖ్యం. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన భారత్ స్టేజ్-6 డీజిలు బండ్లలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. తగిన ఆయిలు కాకపోతే దహనమైన బూడిద ఆ ఫిల్టరును మూసేస్తుంది. అలాంటి బండి పుస్తకంలో తక్కువ బూడిద రకమని రాసి ఉంటే, దానికి బదులు చవక ఆయిలు పోయడం పొదుపు కాదు. మన జీపు పాతది, టర్బో లేనిది, పుస్తకంలో 15డబ్ల్యు-40 అని ఉందనుకుంటే మాత్రం ఆ అంకె, పుస్తకం చెప్పిన ప్రమాణస్థాయి ఉన్న మినరల్ ఆయిలు సరిపోతుంది.

షాపతను అప్పుడు ఆఖరి అస్త్రం తీస్తాడు: "సింథటిక్ అయితే రెండింతల కిలోమీటర్లు నడుస్తుంది, లెక్కేసుకోండి!" నగరపు తారురోడ్డు మీద ఈ లెక్క కొంతవరకు నిలుస్తుంది. ఎర్రమట్టి దారిలో నిలవదు. ఇంజనులోకి దూరే ధూళిలో సిలికా ఉంటుంది. అది ఇంజను భాగాలను గీసేంత గట్టిది. అణువు ఎంత అందంగా కట్టినదైనా ఇసుకరేణువును మెత్తబరచలేదు. ఆయిలు చెడకముందే అందులో దుమ్ము చేరుతుంది. అందుకే చాలా బండ్ల పుస్తకాల్లో దుమ్ముదారుల్లో తిరిగేవాటికి ఆయిలు ముందుగానే మార్చమని విడిగా రాసి ఉంటుంది. ఆ పేజీ తెరవనివారే ఎక్కువ.

కనుక డ్రైవరు మామూలు డబ్బా కొని, మిగిలిన డబ్బుతో ఆయిలు ఫిల్టరు, గాలి ఫిల్టరు కూడా కొంటే ఆయన లెక్క తప్పదు. దారిలో ఆయిలు తగ్గి, మరైగూడలో రెండవ రకం డబ్బానే దొరికినా ప్రమాదం లేదు. ఈనాటి మినరల్, సింథటిక్ ఆయిళ్ళు ఒకదానితో ఒకటి కలుస్తాయి. కలపకూడనిది ఆ వెదురు గొట్టంలోని ఆముదమే. మినరల్ ఆయిలుతో అది సరిగ్గా కలవదు. విడిపోయి, జిగురుకట్టి, నూనె దారులను మూసేస్తుంది.